మంచం పక్కన ఐలేసా

శ్రీకాకుళంలో పక్షవాతం వచ్చిన ఇళ్ళకి సంగీత వైద్యాన్ని తీసుకొచ్చిన మొదటి మనిషిని నేనే. ఈ మాట విజయనగరంలో మా వీధి చివర టీకొట్టు దగ్గర చాలాసార్లు చెప్పాను. వినేవాడు కొత్తవాడైతే ఇంకాస్త కలుపుతాను. డాక్టర్లు పెదవి విరిచిన కేసు అంటాను. నా హార్మోనియం మోగగానే మంచం మీది మనిషి లేచి నిలబడ్డాడంటాను. టీకొట్టువాడు గ్లాసులు కడుగుతూ, "మొన్న కూకున్నాడన్నావు, ఈయాల నిలబడిపోనాడా తాతా?" అంటాడు. వాడికి సంగీతం తెలీదు.

నిజం కావాలంటే నిజమే చెప్తాను. ఈ వయసులో నాకు రెండూ ఒకటే శ్రమ. మంచం మీద మనిషి ఉన్నాడు. హార్మోనియం ఉంది. అది మోగినప్పుడు ఏం జరిగిందో తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. అయినా ఆ ఇంటి సంగతి చెప్పేటప్పుడు ఛాతీ దానంతటదే కొంచెం ముందుకొస్తుంది. ఆ గొప్ప నాది కాదు, మా అప్పది. అక్కని మా వైపు అప్ప అంటాం.

మేం పుట్టింది కళింగపట్నం పక్కన సముద్రాన్ని ఆనుకుని ఉన్న పేటలో. అప్పని ఆ పేటలోనే ఇచ్చారు. నేను మీసాలు రాకముందే నాటకాలవాళ్ళ వెంటపడి విజయనగరం చేరిపోయాను. మా బావ చేపల వేటకి వెళ్ళేవాడు. ఆయన పేరు మోగింది మాత్రం సముద్రం మీద కాదు, ఒడ్డు మీద. ఒడ్డు నుంచి లాగే పెద్ద వల ఒకటి ఉంటుంది. పడవ దాన్ని నీళ్ళలో చుట్టు తిప్పి వదిలి వచ్చాక, రెండు కొసల తాళ్ళనీ రెండు జట్లు పట్టుకుని లాగుతాయి. ముందు నిలబడి పదం అందుకునేవాడు ఒకడుంటాడు. వాడొక ముక్క అంటే జట్టంతా "ఐలేసా" అనాలి. ఆ "సా" మీద అందరి నడుములూ ఒక్కసారే వెనక్కి వాలాలి. పదం చెప్పేవాడు తడబడితే వల వంకర తిరుగుతుంది, సగం చేప జారిపోతుంది. మా బావ తడబడ్డాడని ఎవరూ అనగా నేను వినలేదు.

ఆ మనిషి ఒకరోజు పొద్దున్న పళ్ళు తోముకుంటూ నూతి గట్టు దగ్గర కూలబడ్డాడు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకేసారి పోయాయి. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి ఆయన దగ్గర మిగిలిన మాట ఒక్కటే: "కాదు." అన్నం తింటావా అంటే కాదు. వద్దా అంటే కాదు. నేను వెళ్ళి, "బావా, నాను నీ బావమరిదినే కదా?" అంటే, నన్ను తేరిపార చూసి, "కాదు" అన్నాడు. అది జబ్బో, ఎప్పటినుంచో మనసులో ఉన్న మాటో నాకు తెలీలేదు.

కొడుకు తెల్లారకముందే వేటకి పోతాడు. కోడలు చేపల తట్ట పట్టుకుని శ్రీకాకుళం బజారుకి పోతుంది. పగలంతా ఆ పెద్ద శరీరం పక్కన మా అప్ప ఒక్కతే. మా అప్ప కొలతకి చిన్న మనిషి, గొంతు మాత్రం కొలతకి దొరకదు. బజార్లో ఈ చివర ఆవిడ బేరమాడితే ఆ చివర మేకలు తాళ్ళు తెంపుకునేవి. సరే, మేకలు లేవు. కానీ చెవిటి ముసలాయన ఒకాయన ఆవిడ దగ్గరే చేపలు కొనేవాడు, ఆవిడ చెప్పిన ధర ఒక్కటే వినబడుతుందని. అది నిజం.

అలాంటి గొంతు కొన్ని నెలల్లో రెండు మాటలకి దిగిపోయింది. "నీల్లా?" "పక్కకి తిప్పనా?" అంతే. నేను వెళ్తే, "ఒచ్చినావా, కూకో" అనేది. తల దువ్వుకునేది కాదు. ఆయన తిన్నాక మిగిలింది నిలబడే తినేది. పడవలు వచ్చే వేళకి ఒడ్డుకి వెళ్ళడం మానేసింది. పేటలో పుట్టిన ఆడది పడవలు చూడ్డానికి వెళ్ళలేదంటే దానికి ఒంట్లో బాగోలేదనే అర్థం.

వారానికోసారి బావని ఆటోలో శ్రీకాకుళం తీసుకెళ్ళేవాళ్ళం. ఒక ఆస్పత్రిలో ఫిజియోథెరపీ అమ్మాయి కాళ్ళూ చేతులూ ఆడించేది. మా విజయనగరం పిల్లే. చర్చిలో క్వయర్ పాడుతూ పెరిగింది. చేయి వంచుతున్నప్పుడు సన్నగా కూనిరాగం తీస్తూనే ఉండేది. బయట బల్ల మీద నా వేళ్ళు ఊరుకోక తాళం వేస్తుంటే చూసి, "మీరు సంగీతం వాళ్ళా తాతగారూ?" అని అడిగింది.

"విజయనగరంలో ఆస్థాన విద్వాంసుణ్ణి," అన్నాను.

"ఇప్పుడు ఆస్థానం ఎక్కడుందండీ?"

"అందుకే ఖాళీగా ఉన్నాను."

నిజానికి పౌరాణిక నాటకాల్లో రాజు పద్యం ఎత్తుకునేముందు శ్రుతి ఇచ్చేవాణ్ణి. నా ఆస్థానం పక్క తెర వెనక ఉండేది. నాటకాలు తగ్గాక ఒక ప్రైవేటు బడిలో పొద్దుటి ప్రార్థనకి హార్మోనియం పెట్టె వాయించి రిటైరయ్యాను. ఆ అమ్మాయి నవ్వింది కానీ వదల్లేదు. వారానికో మధ్యాహ్నం వ్యాయామం గదిలో చాపలు పరిచి పాటలు పాడిస్తోందిట, హార్మోనియం వాయించేవాళ్ళు కావాలిట.

"రోగుల చేతా?" అన్నాను.

"కాదండి. రోగుల్ని చూసుకునేవాళ్ళ చేత. పేషెంటుకి మందులున్నాయి, డాక్టరుగారున్నారు, నేనున్నాను. వాళ్ళ పక్కన నిలబడ్డ మనిషికి ఎవరున్నారు?"

నేను చాలా తెలివిగా తల ఊపాను. అప్పటికి నాకేమీ అర్థం కాలేదు. పాట అంటే స్టేజీ, స్టేజీ అంటే శ్రోతలు. జబ్బు లేనివాళ్ళకి వైద్యం ఏమిటి?

అప్పతో చెబితే ఆస్పత్రి వరండా అదిరింది. ఆ నెలల్లో ఆవిడ గొంతు పెంచడం అదే మొదటిసారి. "ఏటీ, పాటా? ఇంట్లో మగోడు మంచాన పడుంటే నాను పట్నమొచ్చి పాటలు పాడాలేటి? పేటలో జనం ఏటంటారు? ఆయినకిలగయ్యింది, ఈవిడ కులుకుతున్నాదని అనరా? నీకు బుద్దున్నాదేటిరా?"

"గంటసేపే అప్పా."

"గంటసేపు ఆయిన్ని ఎవులు సూస్తారు? నువ్వా? నీ పంచె నువ్వు సరిగ్గా కట్టుకోనేవు."

ఆ రోజు మేం బయల్దేరేముందు ఆ అమ్మాయి నన్ను పక్కకి పిలిచింది. అప్పకి బీపీ చూసిందిట, బాగా పెరిగిపోయి ఉంది. కుడి భుజం పట్టేసి ఉంది. "ఆయన్ని లేపేటప్పుడు అమ్మ ఊపిరి బిగబట్టేస్తోంది తాతగారూ. రోజుకి ఎన్నిసార్లు లేపుతుందో అన్నిసార్లూ. ఏడవదు, అరవదు, ఎవరినీ సాయం అడగదు. ఇలాగే సాగితే మీ ఇంట్లో రెండో మంచం వెయ్యాలి. అప్పుడు ఆ ఇద్దర్నీ ఎవరు చూస్తారు? వారానికి ఒక్క గంట ఆవిడ్ని ఆ ఇంట్లోంచి బయటికి తీసుకురండి. ఇంకేం అడగను."

ఆటోలో అప్ప బావ తలని తన భుజానికి ఆనించుకుని కూర్చుంది. పట్టేసిన భుజానికే. నేను వంశధార కనబడేదాకా దారంతా ఆలోచించాను. అప్ప పాట దగ్గరికి రాకపోతే పాటే అప్ప దగ్గరికి వెళ్తుంది. ఇంత గొప్ప ఆలోచన నాకు ఎలా వచ్చిందా అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మా వీధి భజన గుంపులో ఒక డోలక్ ఆయన, ఒక తాళాలాయన ఉన్నారు. ఇద్దరూ నాలాగే పనిలేనివాళ్ళు. సముద్రం చూపిస్తాను, చేపలపులుసు పెట్టిస్తాను అని ఆశపెట్టి, హార్మోనియం ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కించాను. పేట చేరేసరికి పడవలు ఒడ్డుకొచ్చే వేళ. అప్ప పెరట్లో బావ బట్టలు ఉతుకుతోంది. చెప్పకుండా మొదలుపెడితేనే అందం అనుకుని అరుగు మీద చాప పరిచాం. శ్రుతి చూసుకున్నాను. వైద్యానికి భక్తి మంచిదని తాళాలాయన అన్నాడు. నాకు బాగా వచ్చింది తత్వాలు. ఈ ఒళ్ళు ఎన్నాళ్ళుంటుంది, లోపలి చిలక ఎప్పుడెగురుతుంది, అలాంటిదొకటి అందుకున్నాను.

రెండో చరణంలో ఉండగా పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చింది. మమ్మల్ని చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది. అది నా గొంతు మహిమ అనుకుని స్థాయి పెంచాను. కాసేపట్లో వీధి నిండింది. ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకుంటున్నారు. నా పాటకి ఏడ్చిన మనిషిని అప్పటిదాకా నేను చూసి ఎరగను. రెండు కళ్ళూ మూసుకుని, చిలకని ఇంకొంచెం సేపు పంజరంలో తిప్పి తిప్పి పాడాను. ఒడ్డున చేపల వేలం ఆగిపోయిందనీ, వేలం పాడేవాడు కూడా వచ్చేశాడనీ తర్వాత తెలిసింది.

కళ్ళు తెరిచేసరికి నా ఎదురుగా బావ జట్టులో ఆయన వెనకే తాడు పట్టే మనిషి నిలబడున్నాడు. చేతిలో వెదురు కొట్టే కత్తి.

"ఎప్పుడు పోనాడు?" అన్నాడు.

ఇంతలో ఒక ముసలావిడ మమ్మల్ని దాటుకుని పెరట్లోకి పోయి, తడి లుంగీ పిండుతున్న అప్ప మెడ మీద పడిపోయింది. "ఓలమ్మో, ఎంత పనైపోనాదే! ఒక్క కేకెయ్యనేదేటే?"

"ఎవులు పోనారు?" అంది అప్ప.

"మీ ఆయినేనే, తల్లీ!"

లుంగీ చేతిలోంచి జారిపోయింది. అప్ప లోపలికి పరిగెత్తింది. ఆ వెనకే వీధంతా పరిగెత్తింది. లోపల మంచం మీద మా బావ మెడ నిక్కించి, ఎడమ చెయ్యి గాల్లో ఊపుతూ, ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తున్నాడు: "కాదు! కాదు! కాదు!"

అన్ని నెలల్లో ఆ మాట సరిగ్గా అతికింది ఆ ఒక్కసారే.

మా పేటలో పండగ కాని రోజు ఒక ఇంటి అరుగు మీద హార్మోనియం, తాళాలు మోగితే దానికి ఒక్కటే అర్థం. శవం లేచేదాకా భజన చేస్తారు. తత్వాలే పాడతారు. పుట్టి పెరిగినవాణ్ణి, నాకు తెలిసి ఉండాలి. విజయనగరంలో ఏ పూట చూసినా ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు పాడుకుంటూనే ఉంటారు, ఆ అలవాటులో పడి మా పేటకి పాట అంటే ఏమిటో మర్చిపోయాను. డోలక్ ఆయన అప్పటికే చెప్పులు చేతపట్టుకుని సముద్రం చూడ్డానికని బయల్దేరిపోయాడు.

అప్ప బయటికొచ్చింది. "ఒరే! బతికున్న మనిసికి భజనెట్టినావురా నువ్వు! ఎత్తు ఆ పెట్టి! ఎత్తు! నీ తత్వం నీ తలకాయ మీద పాడుకో పో!"

తిట్లన్నీ రాయను. బాగున్నాయి గానీ అచ్చులో బాగోవు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు. చావనుకుని వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ ఒకళ్ళొకళ్ళుగా జారుకోవడం మొదలుపెట్టారు. అప్ప మాత్రం నవ్వలేదు. తిట్టడం ఆపేసి అరుగు అంచున కూలబడింది. నన్నో, వెళ్ళిపోతున్నవాళ్ళనో చూడకుండా, మామూలు గొంతుతో అంది:

"పోనాడనుకుంటే పేటంతా వచ్చీసినాది సూడు. బతికున్నాడని ఇన్నాల్లూ ఒక్కడూ రానేదు."

జారుకుంటున్నవాళ్ళు వెనక్కి తిరిగారు. పాడెకి వెదురు కొట్టడానికని కత్తి పట్టుకొచ్చిన మనిషి ఆ కత్తిని వీపు వెనక్కి పెట్టుకున్నాడు. "రావాలనే అనుకున్నాం వదినా. ఆడ్ని అలగ సూడ్లేక..."

"నాను సూత్తన్నాను కాదా," అంది అప్ప. అంతే అంది. లేచి లోపలికి వెళ్ళింది, బావని కుర్చీలో కూర్చోబెట్టి గంజి పట్టే వేళయిందని.

జట్టువాళ్ళు అయిదారుగురు వెళ్ళలేక, లోపలికి రాలేక గుమ్మం దగ్గరే నిలబడ్డారు. అంత పరువు పోయాక నేనేదో ఒకటి చెయ్యాలి కదా. "అప్పా, ఈ పూట నాను లేపుతాను," అని పంచె ఎగగట్టాను. ఎలా లేపాలో ఆ అమ్మాయి చెప్పింది నాకు తెలుసు. నడుముకి తువ్వాలు బిగించాలి, మోకాళ్ళు ఆనించాలి, ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టి ఇద్దరూ ఒకేసారి ఎత్తాలి. అప్ప ఎడమవైపు, నేను కుడివైపు. "ఒకటీ, రెండూ" అన్నాను. మూడు అనేలోపే అప్ప ఎప్పటిలాగే ఊపిరి బిగబట్టి ఎత్తేసింది. నేను ఎత్తలేదు. బావ ఎవరి లెక్కా వినలేదు. ఆ కొండంత మనిషి నా మీదికి ఒరిగాడు. నా నడుం, నేను రాను నువ్వు పో అంది. ముగ్గురం నేలమీద పడబోతున్నాం. ఆ భయంలో నా నోట్లోంచి దేవుడి పేరు రాలేదు, రాగమూ రాలేదు. చిన్నప్పుడు ఇసకలో నిలబడి పెద్దవాళ్ళతో కలిసి వేసిన కేక వచ్చింది.

"ఐలే..."

"సా!" అన్నారు గుమ్మంలోంచి అయిదారుగురు. ఆలోచించి అన్నది కాదు. ఆ కేక వింటే వాళ్ళ నోరు మూసుకోదు.

ఆ "సా" మీద బావ ఎడమ కాలు నేలని తన్నింది. నడుం వెనక్కి వాలింది. సగం బరువు ఎక్కడికో పోయింది. మనిషి నిలబడలేదు, అది టీకొట్టు దగ్గరి మాట. కానీ పడలేదు. మంచం అంచుకీ కుర్చీకీ మధ్య గాల్లో ఆగాడు. ఇంకా లాగాలి. నాకు ఊపిరి అయిపోయింది.

అప్పుడు ఆయన ఎడమ చంక కిందనుంచి లేచింది మా అప్ప గొంతు.

"తాడు బిగిసినాదోయ్..."

"ఐలేసా!"

"సేప బరువున్నాదోయ్..."

"ఐలేసా!"

"ఒడ్డు వచ్చినాదోయ్..."

ఆడవాళ్ళు వలపదం చెప్పరు. మా పేటలో ఏ ఆడదీ చెప్పగా నేను చూడలేదు. కానీ పెళ్ళయిన దగ్గర్నుంచీ తట్ట పక్కన పెట్టుకుని ఒడ్డున కూర్చుని, ఆయన నోటినుంచి ఆ పదాలు విన్నది ఆవిడే. ఎక్కడ ఆపాలో, ఎక్కడ సాగదీయాలో ఆవిడకి తెలుసు. మూడో లాగుకి బావ కుర్చీలో ఉన్నాడు. గుమ్మం దగ్గరివాళ్ళు ఎప్పుడు లోపలికొచ్చారో, వాళ్ళ చేతులు ఆయన వీపు కింద ఎప్పుడు చేరాయో ఎవరికీ తెలీదు.

బావ అప్ప వైపు తల తిప్పాడు. "కాదు," అన్నాడు మెల్లగా.

"అవున్లే," అంది అప్ప.

తర్వాత ఆవిడ గోడకి ఆనుకుని కింద కూర్చుని, పెద్దగా ఊపిరి వదిలింది. వీపు వెనక కత్తి దాచుకున్న మనిషిని చూసి, "కాసిన్ని నీల్లియ్యి," అంది. తనకోసం ఎవరినైనా ఏదైనా అడగడం అన్ని నెలల్లో అదే మొదలు. ఆ పెద్దమనిషి వంటింట్లోకి పరిగెత్తిన తీరు చూడాలి.

ఆ వారం ఆస్పత్రికి వెళ్ళగానే నేను ఆ అమ్మాయికి నా కొత్త చికిత్సా విధానం వివరించాను. మూడు లాగుల పద్ధతి అని పేరు కూడా పెట్టాను. "ఎలా కనిపెట్టారు తాతగారూ?" అంది. "సాధన," అన్నాను. అప్ప పక్కనుంచి, "ఈడు పడిపోతూ అరిసినాడమ్మా," అంది.

ఆ అమ్మాయి నవ్వి, అప్పనే చేసి చూపించమంది. చూస్తున్నంతసేపూ బావ కాలుని చూడలేదు, అప్ప నోటినే చూసింది. "చూశారా? పదం చెప్తుంటే ఊపిరి బిగబట్టడానికి కుదరదు. భుజం కూడా వదిలేస్తోంది," అని నాతో అంది. మరి జబ్బు నయమవుతుందా అన్నాను. "అదేం చెప్పలేనండి. అమ్మ మాత్రం ఇప్పుడు ఒంటరిగా ఎత్తట్లేదు కదా," అంది. తర్వాత అప్ప దగ్గరికి వెళ్ళి చాపలగది వైపు చూపించింది. "అమ్మా, వారానికో మధ్యాహ్నం రావాలి మీరు."

"పాటలకి నాను రాను."

"పాటలకి ఎవరు రమ్మన్నారమ్మా? లేపడం ఎలాగో వాళ్ళకి తెలీట్లేదు. నేను లెక్క చెప్తే ఎవరికీ కలవట్లేదు. మీరొచ్చి ఆ పని చూపించండి."

అప్ప కొంగు సర్దుకుంది. "పనయితే వస్తాను," అంది.

ఆ పిల్ల తెలివి చూడండి. నేను ఊరేగింపుతో వెళ్ళి చేయలేనిది ఒక్క మాటతో చేసింది. వెంటనే బావని ఎవరు చూస్తారన్న ప్రశ్న వచ్చింది. పేటకి తిరిగొచ్చాక కత్తి పెద్దమనిషి, "ఆడి కాడ నాను కూకుంటాను వదినా," అన్నాడు. ఇప్పటికీ కూర్చుంటున్నాడు. వలలు బాగుచేసుకుంటూ బావకి ఊరి సంగతులు చెప్తాడు. బావ ప్రతిదానికీ కాదంటాడు. ఇద్దరూ గొడవపడతారు. కోడలు కూడా ఆ రోజు తట్ట తొందరగా దించేసి ఇంటికొస్తోంది.

మొదటి మధ్యాహ్నం చాపల మీద ఉన్నవాళ్ళలో ఒక గుమస్తాగారి భార్య ఉంది. భర్తకి పక్షవాతం వచ్చి మూడేళ్ళయిందట, ఆవిడ ఎవరి మొహమూ చూడదు. తల్లిని చూసుకునే కుర్రాయన ఒకాయన ఉన్నాడు. ఇంకొందరు ఉన్నారు. నేను హార్మోనియం తెరిచి అప్ప శ్రుతి వెతికాను. మెట్టు మెట్టుకీ వెతికాను, ఆవిడ ఏ మెట్టు మీదా నిలబడదు. "ఒరే, ఆ పెట్టి ముయ్యి, అడ్డొస్తున్నాది," అంది. మూసేశాను. ఆస్థాన విద్వాంసుల్ని ఇంతకన్నా మర్యాదగా తీసేసిన సభలున్నాయి. నాకు మాత్రం ఇదే గొప్పగా అనిపించింది.

తాడు లేదని దుప్పటి మెలిపెట్టి అందరిచేతా పట్టించింది. మొదటి "ఐలేసా" అప్పడం విరిగినట్టు వచ్చింది. "ఏటది? అన్నం తిననేదా? మీ ఇంట్లో మనిసి ఎంత బరువుంటాడు? అంత బరువుగా అనండి!" అని గదమాయించింది. రెండోసారి గోడలు వినేట్టు వచ్చింది. గుమస్తాగారి భార్య "సా" అనబోయి నవ్వేసింది. నవ్వి, దుప్పటి వదలకుండానే ఏడ్చేసింది. ఎవరూ ఆపలేదు. అప్ప ఆవిడ వెనక నిలబడి పదం ఇంకొంచెం నెమ్మదిగా చెప్పింది, అంతే. ఆ గదిలో పేషెంటు ఒక్కరు కూడా లేరు. ఈ పాట ఎవరికో నాకు అప్పుడు అర్థమైంది. అర్థం కావడానికి నాకు ఒక శవంలేని భజన కావాల్సొచ్చింది.

ఇప్పుడు అప్ప ఒక్కతే బస్సెక్కి వెళ్తోంది. మొన్న ఆ పెద్దమనిషి పెళ్ళికి వెళ్ళాడని నేను బావ దగ్గర కూర్చున్నాను. అప్ప రావలసిన బస్సు వచ్చింది, ఆవిడ రాలేదు. నేను వీధిలోకి రెండుసార్లు తొంగిచూశాను. బీపీ, ఎండ, ఏమైందో. బావ గుమ్మం వైపే చూస్తూ మంచం పట్టె మీద ఎడమ చేత్తో కొడుతున్నాడు. కుర్చీలోకి మార్చే వేళ దాటిపోతోంది. పక్కింటి మనిషిని కేకేసి ఇద్దరం పట్టుకున్నాం. నేను పదం చెప్పాను. బావ నాతో పాటు ఐలేసా అని గట్టిగా అన్నాడు.

అనలేదు. "సా" దగ్గర గాలి వదిలాడు. కానీ సరిగ్గా తాళం మీద వదిలాడు, అది నా ప్రాణం పెట్టి చెప్తాను.

తర్వాతి బస్సుకి అప్ప దిగింది. మల్లెపూలేమీ పెట్టుకోలేదు, చేతిలో సంచీ కూడా లేదు. తాపీగా నడుచుకుంటూ వచ్చింది.

"ఏటయిపోనావే? ఇంతసేపు ఏటి సేసావు?" అని అరిచాను.

"ఏటీ సెయ్యనేదు," అంది చెప్పులు విప్పుతూ. "బస్సుల కాంప్లెక్సులో బల్ల మీద కూకున్నాను. బస్సొచ్చినాది. ఇంకాసేపు కూకోవాలనిపించినాది. వదిలీసినాను."

బావ వైపు తిరిగి, "కోపమొచ్చినాదేటి?" అంది.

"కాదు," అన్నాడు బావ.

అది అవునో కాదో ఆవిడే తేల్చుకుని నవ్వింది.

మర్నాడు విజయనగరంలో టీకొట్టు దగ్గర ఈ సంగతి చెప్పాను. మా అప్ప ఏ పనీ లేకుండా, ఎవరికోసమూ కాకుండా, శ్రీకాకుళం కాంప్లెక్సులో కూర్చుని రెండు బస్సులు వదిలేసిందని చెప్పాను. వదిలింది ఒక్కటే. ఈ ఒక్క విషయంలో మాత్రం పెంచకుండా ఉండటం నా వల్ల కాలేదు.